అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి
ఆస్తి వ్యవహారాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నాం. మాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు డబ్బు చేతులు మారాక, కాగితం మీద సంతకం పడ్డాక రాసినవే. ఆ దశలో న్యాయవాది చేయగలిగింది తక్కువ, ఖర్చు ఎక్కువ. అందుకే ఇంకా అడ్వాన్సు ఇవ్వని ఒక పాఠకుడి ప్రశ్నను ముందు తీసుకుని, దానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: వేపగుంటలో 120 గజాల్లో కట్టిన పాత డాబా ఇల్లు అమ్మకానికి వచ్చింది. చుట్టుపక్కల రేటుతో పోలిస్తే ధర దాదాపు సగమే. ఓనరు పాతికేళ్లుగా అందులోనే ఉంటున్నారు. ఇంటి పన్ను, కరెంటు, కుళాయి అన్నీ ఆయన పేరునే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడు జరగదట. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసి నోటరీ చేయించుకుందాం, ఇల్లు స్వాధీనం చేస్తాం, రెగ్యులరైజ్ అయ్యాక రిజిస్ట్రేషన్ పెట్టుకోవచ్చు అంటున్నారు మధ్యవర్తి. తీసుకోవచ్చా?
— ప్రైవేటు ఉద్యోగి, గోపాలపట్నం

జవాబు: రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టే ధర సగానికి పడింది. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం గ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉంది. పంచగ్రామాల సమస్య అని అందరూ అనేది దీన్నే. దేవస్థానం భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోకి వస్తాయి. ఆ జాబితాలో ఉన్న సర్వే నంబరుకు సబ్ రిజిస్ట్రార్ సేల్ డీడ్ (అమ్మకపు దస్తావేజు) రిజిస్టర్ చేయరు. దేవాదాయ చట్టం (1987) 80వ సెక్షన్ ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా దేవస్థానం భూమి అమ్మకం చెల్లదు కూడా.

అలాగని వేపగుంట పేరు వినగానే వెనక్కి తగ్గాల్సిన పని లేదు. ఆ గ్రామాల్లో ప్రతి గజమూ దేవస్థానానిది కాదు. తేల్చేది ఊరి పేరు కాదు, సర్వే నంబరు, దాని సబ్ డివిజన్. ఓనరు దగ్గర ఉన్న పాత కాగితాల్లో ఆ నంబరు చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితా ఉంది. అందులో గ్రామం, సర్వే నంబరు కొట్టి వెతకండి. ఆ తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అదే నంబరు మీద రాతపూర్వకంగా అడగండి. "అక్కడ పని చేసే ఆయన ఫర్వాలేదన్నాడు" అనేది మీకు ఎక్కడా అక్కరకు రాదు. దస్తావేజు దాఖలు చేశాక నిరాకరిస్తే, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వడం రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ కింద సబ్ రిజిస్ట్రార్ బాధ్యత. దాని మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. తన భూమి పొరపాటున 22ఏలో చేరిందని ఓనరు అంటుంటే, దాన్ని తీయించుకునే బాధ్యత ఆయనదే. అది తేలేదాకా మీరు రూపాయి ఇవ్వకండి.

ఇక ఆ నోటరీ కాగితం సంగతి. స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరుగుతుంది. అమ్మకపు ఒప్పందం దానంతటది ఆస్తిలో ఏ హక్కూ ఇవ్వదు. ఆస్తి బదిలీ చట్టం (1882) 54వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. సంతకాలు పెట్టింది ఫలానా వాళ్లేనని నోటరీ ధ్రువీకరిస్తారు తప్ప, అమ్మేవాళ్లకు హక్కు ఉందో లేదో చూడరు. అగ్రిమెంటు, జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికార పత్రం), వీలునామా మూడూ కలిపి రాయించుకుంటే అమ్మకంతో సమానమని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. అలాంటి కాగితాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది.

స్వాధీనం మన చేతిలో ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. 2001 సవరణ తర్వాత, ఒప్పందం రిజిస్టర్ కాకపోతే స్వాధీనంలో ఉన్న కొనుగోలుదారుకు, ఖాళీ చేయించకుండా ఆపే ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షన్ రక్షణ దొరకదు. పైగా మన రాష్ట్రంలో స్వాధీనంతో కూడిన అమ్మకపు ఒప్పందానికి సేల్ డీడ్ మీద పడే స్టాంపు డ్యూటీయే పడుతుంది. రేపు గొడవొచ్చి ఆ వంద రూపాయల కాగితాన్ని కోర్టులో పెడితే, తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పదింతల దాకా జరిమానా కట్టందే సాక్ష్యంగా తీసుకోరు. మీ డబ్బుకు ఆధారమైన ఒకే ఒక్క కాగితం మీకు అలా ఎదురు తిరుగుతుంది.

రెగ్యులరైజేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ మాట ఇవ్వలేరు. వచ్చినా, ఫలానా తేదీ నాటికి ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ఇలాంటి పథకాల్లో మొదట చూస్తారు. పన్ను, కరెంటు అన్నీ ఓనరు పేరున ఉన్నప్పుడు పట్టా కూడా ఆయన పేరునే వస్తుంది. ఆ రోజు ఆయన, లేదా ఆయన పిల్లలు, అప్పటి మార్కెట్ రేటు అడిగితే మీరేం చేయాలి? ఒప్పందాన్ని అమలు చేయించమని దావా వేసే గడువు మూడేళ్లే. ఒప్పందంలో రాసుకున్న తేదీ నుంచి, తేదీ లేకపోతే ఎదుటివారు కాదన్నట్టు మీకు తెలిసిన నాటి నుంచి అది లెక్క. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ ఇంట్లో ఎవరుంటున్నారో చెబుతాయి. ఇల్లు ఎవరిదో చెప్పవు.

నిషేధిత జాబితాలో ఉంటే ఈ ఇల్లు వదిలేయండి. లేకపోతే కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలే కనిపిస్తాయి, అంతకు ముందువి ఆఫీసు పుస్తకాల్లో వెతికించాలి. కొత్త సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు వచ్చినప్పుడు పరిధులు మారాయి కనుక, ఆ గ్రామం గతంలో ఏ ఆఫీసు కింద ఉండేదో అడిగి అక్కడా చూడాలి. ఈసీలో ఏమీ లేదని వచ్చినా అది పూర్తి భరోసా కాదు. రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే అందులో ఉంటాయి. రిజిస్టర్ కాని ఒప్పందాలు, వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు సాధారణంగా కనబడవు. ఆ సర్వే నంబరు మీద కేసులున్నాయా అన్నది న్యాయవాది చేత విడిగా వెతికించాలి. దావా నడుస్తుండగా కొన్నవారికి కూడా అందులో వచ్చిన తీర్పే వర్తిస్తుంది.

ప్రశ్న: మధురవాడలో కడుతున్న అపార్ట్‌మెంటులో 64 లక్షలకు ఫ్లాటు మాట్లాడుకున్నాం. 20 శాతం ఇస్తేనే బ్లాక్ చేస్తాం, అగ్రిమెంటు తర్వాత చేసుకుందాం అంటున్నారు బిల్డరు. బ్యాంకు అప్రూవల్ ఉంది కాబట్టి భయం లేదంటున్నారు. నిజమేనా?
— ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం (2016) 13వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ ఫ్లాటుకు 6 లక్షల 40 వేలు. అంతకు మించి అడిగితే "ముందు అగ్రిమెంటు రిజిస్టర్ చేయండి" అనండి. ఆ మాటకు వచ్చే జవాబుతోనే బిల్డరు ఎలాంటివారో తెలిసిపోతుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టుకు ఏపీ రెరా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ నంబరు అడిగి, రెరా వెబ్‌సైటులో ఉన్న ప్లానుకూ మీకు ఇచ్చిన బ్రోచరుకూ తేడా ఉందేమో పక్కపక్కన పెట్టి చూడండి. కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే చోటు) ఎంత, మీకు వచ్చే అవిభాజ్య స్థలం (అపార్ట్‌మెంటు ఉన్న భూమిలో మీ వాటా) ఎన్ని గజాలు అన్న రెండంకెలూ అగ్రిమెంటులో ఉండాలి.

బ్యాంకు అప్రూవల్ ఉండటం మంచిదే. కానీ బ్యాంకు తన అప్పు వసూలవుతుందా అన్నది చూస్తుంది, మీ ఫ్లాటు నంబరు మీద ఉన్న చిక్కులన్నీ చూడదు. చాలామంది అడగని విషయం ఒకటుంది. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా హామీగా, నిర్మాణంలో 10 శాతం మేర బిల్డరు స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అందులో నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు చూసిన ఫ్లాటు ఆ తనఖాలో ఉందా అని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) మంజూరు పత్రంలో, ఈసీలో చూడండి. రెండోది, స్థల యజమానితో బిల్డరు చేసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంటు. ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకు వచ్చాయో రాసుకున్న పత్రం చదవకుండా కొంటే, స్థల యజమాని వాటా ఫ్లాటును బిల్డరు అమ్మేసే ప్రమాదం ఉంది.

ఖర్చుల్లో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 64 లక్షల మీద 4 లక్షల 80 వేలు అవుతుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ మీ ధర కంటే ఎక్కువైతే దాని మీద లెక్క కడతారు. నిర్మాణంలో ఉన్న ఇలాంటి ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు లేదా ఆపైన ఉంది కనుక ప్రతి చెల్లింపులో 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) మీరే పట్టుకుని, బిల్డరు పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. మరిచిపోతే వడ్డీ, జరిమానా పడేది మీకే. 20 వేలు లేదా అంతకు మించి నగదుగా ఇవ్వకండి.

ప్రశ్న: హోం లోన్ మొత్తం కట్టేసి 75 రోజులైంది. ఒరిజినల్ డాక్యుమెంట్లు వేరే ఊళ్లో స్టోర్‌లో ఉన్నాయి, వస్తాయి అంటున్నారు. ఏం చేయాలి?
— విశ్రాంత ఉద్యోగి, గాజువాక

జవాబు: రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ అన్నీ తిరిగివ్వాలి, ఆస్తి మీద నమోదు చేయించిన తనఖా హక్కులు (చార్జీలు) తీసేయించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆలస్యానికి కారణం బ్యాంకే అయితే రోజుకు 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలి. మీ విషయంలో 45 రోజులు దాటాయి, అంటే 2 లక్షల 25 వేలు. కాగితాలు పోయాయని తేలితే నకళ్లు తెప్పించే ఖర్చు బ్యాంకే పెట్టుకోవాలి. ఆ సందర్భంలో మాత్రం వాళ్లకు ఇంకో 30 రోజులు గడువుంటుంది.

బ్రాంచిలో నోటిమాటగా అడగడం మానేసి ఈ రోజే లెటరు ఇవ్వండి. లోన్ ఖాతా నంబరు, చివరి వాయిదా కట్టిన తేదీ, లోన్ తీసుకున్నప్పుడు వాళ్లిచ్చిన డాక్యుమెంట్ల జాబితా, పరిహారం లెక్క రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు.

కాగితాలు చేతికొచ్చాక జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ముఖ్యంగా లింకు డాక్యుమెంట్లు. నో డ్యూ సర్టిఫికెట్ వచ్చింది కదా అని అక్కడితో ఆగకండి. టైటిల్ డీడ్స్ డిపాజిట్ పత్రం (ఇంటి కాగితాలు బ్యాంకుకు తనఖాగా ఇచ్చినట్టు రాసిన పత్రం) రిజిస్టరై ఉంటే దాని విడుదల పత్రాన్నీ రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీలో అది కనబడేదాకా వెంటపడండి. ఇప్పుడు వదిలేస్తే, పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయేటప్పుడు ఆ పాత ఎంట్రీ బయటపడుతుంది.

ప్రశ్న: నా వయసు 72. మావారు పోయారు. నా పేరున, నా డబ్బుతో కొన్న ఇల్లు ఒకటి ఉంది. ముగ్గురు పిల్లలు. నన్ను చూసుకుంటున్న చిన్న కొడుక్కి ఇల్లు ఇవ్వాలనుంది. వీలునామా రాస్తే నిలబడదు, గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేయమంటున్నారు. ఏది మేలు?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, ఆ ఇల్లు మీ సొంతం కనుక ఎవరికైనా రాసే హక్కు మీకుంది. వీలునామా మీ తదనంతరమే అమల్లోకి వస్తుంది. రేపు మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు, అదివరకటిది రద్దవుతుంది. సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టరై, మీ అబ్బాయి స్వీకరించిన నాటి నుంచే ఇల్లు ఆయనది. దాన్ని మీరొక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. మీ వయసులో, ఉన్నది ఒక్క ఇల్లే అయినప్పుడు, మా సలహా వీలునామాకే.

"నిలబడదు" అన్న మాట వీలునామాను నిర్లక్ష్యంగా రాయడం వల్ల వచ్చింది. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. ఒరిజినల్ పోయినా రికార్డు ఉంటుంది, మీరే స్వయంగా ఆఫీసుకు వచ్చారన్న ఆధారం మిగులుతుంది. కానీ రిజిస్టరైనంత మాత్రాన రుజువు అయినట్టు కాదు. వారసత్వ చట్టం (1925) 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి. మీరు సంతకం చేయడం ఇద్దరూ చూడాలి, ఇద్దరూ మీ ఎదుటే సంతకాలు పెట్టాలి. తర్వాత వివాదమొస్తే, బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి ఇదే చెప్పాలి. అక్కడే చాలా వీలునామాలు కూలిపోతాయి. సాక్షిగా పిలిచింది తన ఈడు వారినే కావడం, వారు ముందే పోవడం. లేదా దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్న ఎవరో ఇద్దరు సంతకం పెట్టి వెళ్లిపోవడం, తర్వాత వారి జాడ దొరక్కపోవడం. మీకంటే పాతికేళ్లు చిన్నవారిని, మిమ్మల్ని బాగా ఎరిగినవారిని, ఆస్తిలో ఏమీ రానివారిని పెట్టుకోండి.

చిన్నబ్బాయి ఆ రోజు పక్కన ఉండకూడదు. లేఖరిని మాట్లాడటం, సాక్షులను తేవడం, ఆఫీసుకు తీసుకెళ్లడం అన్నీ లబ్ధి పొందేవారే చేస్తే, కోర్టు అనుమానంతో చూస్తుంది. మిగతా ఇద్దరు పిల్లలకు ఎందుకివ్వడం లేదో రెండు వాక్యాల్లో మీ మాటల్లోనే రాయించండి. ఏ కారణమూ రాయకుండా ఇద్దరిని వదిలేస్తే అదే మొదటి ప్రశ్న అవుతుంది. అదే రోజు మీకు వైద్యం చేసే డాక్టరు చేత, మానసికంగా స్పష్టంగా ఉన్నారని సర్టిఫికెట్ రాయించుకోండి. ప్రతి పేజీ మీద సంతకం, డోర్ నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, తేదీ ఉండాలి. బ్యాంకు డబ్బు, బంగారం కూడా మరవకండి. పేరుపేరునా చెప్పని "మిగిలిన ఆస్తులన్నీ" ఎవరికో ఒక వాక్యం రాయకపోతే, వాటి కోసం మళ్లీ పంపకాల గొడవ వస్తుంది. ఇక్కడి హిందూ కుటుంబాల వీలునామాలకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు.

అయినా సెటిల్‌మెంటే చేయాలనుకుంటే, ఈ అర్థం వచ్చే మాటలు దస్తావేజులో లేకుండా సంతకం పెట్టకండి: "నా జీవితాంతం ఈ ఇంటిలో నివసించే హక్కు, అద్దె అనుభవించే హక్కు నాకే ఉంచుకున్నాను. నా తిండి, బట్ట, వైద్యం, కనీస అవసరాలు చూడాలన్న షరతు మీదనే ఈ ఆస్తి ఇస్తున్నాను." అనుభవ హక్కు ఉంచుకుని ఇచ్చిన గిఫ్ట్ చెల్లుతుందని రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. రెండో వాక్యం తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం (2007) 23వ సెక్షన్ కోసం. ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు రాయకుండా "ప్రేమాభిమానాలతో" అని మాత్రమే రాసిన దస్తావేజులతో ఎంతమంది తల్లులు ఆ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో చెప్పాలంటే బాధేస్తుంది.

ప్రశ్న: నాన్నగారు వీలునామా లేకుండా చనిపోయారు. ఇల్లు ఆయన స్వార్జితం. అమ్మ, ఇద్దరన్నయ్యలు, నేను ఉన్నాం. నాన్న పోయేనాటికి నానమ్మ ఉన్నారు, పోయినేడు ఆవిడా పోయారు. నాకు ఒక మేనత్త ఉన్నారు. పసుపు కుంకుమల కింద అన్నీ ఇచ్చేశాం కాబట్టి వాటా లేదు, సంతకం పెట్టు చాలు అంటున్నారు అన్నయ్యలు.
— ఒక పాఠకురాలు, మల్కాపురం

జవాబు: పెళ్లిలో పెట్టినవి వాటాకు చెల్లు అనే లెక్క చట్టంలో లేదు. హిందూ వారసత్వ చట్టం (1956) ప్రకారం మీ నాన్నగారి ఇంట్లో అమ్మ, ముగ్గురు పిల్లలు, నానమ్మ, ఐదుగురికీ తలా ఐదో వంతు. నానమ్మ వాటాను అందరూ మరిచిపోతారు. ఆవిడ కూడా వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆ ఐదో వంతులో సగం మేనత్తకు, మిగతా సగం నాన్నగారి బదులు మీ ముగ్గురికి వస్తుంది. ఇంటిని 30 భాగాలు చేస్తే మీకు 7, అన్నయ్యలిద్దరికీ చెరో 7, అమ్మకు 6, మేనత్తకు 3. మీ సంతకం సంగతి అలా ఉంచితే, మేనత్త సంతకం లేకుండా ఈ ఇల్లు కొన్నవారు కూడా చిక్కుల్లో పడతారు.

మీ వాటా వదులుకోవాలనుకుంటే వదులుకోండి, అది మీ ఇష్టం. దానికి రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. ఎంత తీసుకుని వదులుతున్నారో అందులో రాయాలి. ఖాళీ స్టాంపు పేపర్ల మీద, "మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) కోసమే" అని తెచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టకండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మీ పేరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లకు ఒక అన్నయ్య నామినీ అయినా, ఆయన డబ్బు తీసుకోగలిగినవారే గానీ ఒక్కరే సొంతదారు కాదు. ఆ డబ్బులోనూ వారసులందరికీ వాటా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. పెందుర్తిలో వాడి ప్లాటు అమ్మడానికి నా పేరున జీపీఏ పంపిస్తానంటున్నాడు. వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?
— ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: సరిపోదు. అక్కడి భారత కాన్సులేట్‌లో లేదా నోటరీ ఎదుట సంతకం చేసిన ఒరిజినల్ రావాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు మీద తపాలా ముద్రే చేరిన తేదీకి ఆధారం, దాన్ని పారేయకండి. ప్లాటు సర్వే నంబరు, విస్తీర్ణం, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం విడివిడిగా రాయించండి. "నా వ్యవహారాలన్నీ చూసుకోవడానికి" అని మాత్రమే ఉంటే సేల్ డీడ్‌కు పనికిరాదు. మీ అబ్బాయి ప్రవాస భారతీయుడు కనుక టీడీఎస్ 1 శాతం కాదు, అంతకంటే చాలా ఎక్కువ. అమ్మకానికి ముందే తక్కువ రేటు సర్టిఫికెట్ కోసం ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టించండి. అది చేతికి వచ్చాకే కొనేవారితో రిజిస్ట్రేషన్ తేదీ మాట్లాడుకోండి.